కిటికీ తెర కట్టుకున్న పెట్ట

“పొగమంచులో తాతయ్య నీకు టర్కీ పుంజులా కనబడితే ఏం చేస్తావే?” అని అడిగింది వెల్మా.

ట్విలా బూట్ల లేసులు కట్టుకుంటూనే, “పుంజు తల ఎర్రగా ఉంటుందమ్మా. తాతయ్య తల ఎర్రగా ఉండదు కదా” అంది.

“రెండు రోజుల్నించీ ఆయనకి జలుబు. ముక్కు ఎర్రగానే ఉంది.”

గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుని నిలబడ్డ ముసలాయన ఈ మాట విన్నాడో లేదో తెలియలేదు. ముక్కు మాత్రం ఒకసారి తుడుచుకున్నాడు.

అమెరికాలో ఓజార్క్ గుట్టల్లో ఆరిళ్లకు కలిపి ఒకే టెలిఫోను తీగ ఉన్న రోజులవి. ఆ వసంతంలో టర్కీ వేటకు అదే ఆఖరి శనివారం. మర్నాడు ఆదివారం, ఆదివారం నాడు తుపాకీ ముట్టుకునే ఇల్లు కాదు వాళ్లది. పైగా మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చట్టప్రకారం వేట ఆపెయ్యాలి. కాబట్టి ఏం జరిగినా ఆ పూటే జరగాలి. ఏం జరిగినా అనుకోగానే వెల్మాకు జరగగలిగినవన్నీ కళ్ల ముందు నిలబడ్డాయి. పాము నిలబడింది, జారుడు బండ నిలబడింది, తొందరపాటు మనిషి ఒకడు పొదలో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె భర్త రాయ్ లారీ తోలుకుంటూ టెక్సస్ దాకా పోయాడు, సోమవారం గాని రాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే: వెల్మా, పంతొమ్మిదేళ్ల కూతురు ట్విలా, డెబ్బై ఆరేళ్ల మామగారు ఎల్బర్ట్. అత్తగారు ఓపల్ నవంబరులో పోయింది.

ఆమెతో పాటు ఆ ఇంట్లో భోజన ప్రార్థన కూడా పోయింది. యాభై ఏళ్లుగా బల్ల కొసన కూర్చుని, ఎవరూ పళ్లెం ముట్టుకోకముందే దేవుడికి వందనాలు చెప్పినవాడు ఎల్బర్ట్. అది ఇంటి పెద్ద పని. ఆయన ఎదురుగా ఉండగా ఇంకొకరు ఆ మాట ఎత్తుకుంటే ఆయనను కుర్చీలోంచి లేపినట్టే. సమాధి చేసి వచ్చిన మర్నాడు అందరూ తలలు వంచి కూర్చున్నారు. ఆయన మాట్లాడలేదు. గోడ గడియారం మాట్లాడింది. చివరికి ఆయన ఫోర్కు తీసుకున్నాడు. అప్పటినుంచి మూడు పూటలా అదే వరస. దీవెన లేని కూడు ఎవరికి ఏ రోగం తెస్తుందోనని వెల్మా పొయ్యి దగ్గరే, పెదవి కదపకుండా, గిన్నె గిన్నెకూ విడివిడిగా ప్రార్థన చేసి దించేది. బంగాళాదుంపలకు ఒకసారి, గ్రేవీకి ఒకసారి.

అలాంటి మనిషి గురువారం నాడు తనంతట తానే, శనివారం పిల్లను గుట్ట మీదికి తీసుకెళ్తానన్నాడు. తుపాకీ ట్విలాది, పెట్టలా కూసి పుంజును రప్పించే పని తనదట. దాంతో వెల్మాకు ప్రాణం లేచి వచ్చింది. సీజను అయిపోయిన ఆదివారం మధ్యాహ్నం వేటలో పడ్డ పుంజును వేయించి పాస్టరుగారిని భోజనానికి పిలవడం ఓపల్ పెట్టిన ఆనవాయితీ. అడవి టర్కీని ఎదురుగా పెట్టి, పాస్టరును పక్కన కూర్చోబెడితే, ఎంత అలిగినవాడైనా దేవుడికి ఒక్క మాట చెప్పకుండా ఎలా ఉంటాడు? ఉండలేడు. అంచేత పుంజు పడాలి. అంచేత ఆమె భయపడుతూనే బిస్కెట్ రొట్టెలు కాల్చి, మధ్యలో పందిమాంసం పెట్టి, మూటకట్టి ఇద్దరినీ సాగనంపింది. ట్రక్కు ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా వసారాలోనే నిలబడింది.

లోపలికి వచ్చేసరికి పంచదార గిన్నె పక్కన గుండె మాత్రల సీసా కనబడింది.

అది చొక్కా జేబులోంచి తియ్యకూడదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. వెల్మాకు మిగతాదంతా వరసగా కనబడింది. గుట్ట మీద ఓక్ చెట్టు కింద ఆయన ఛాతీ పట్టుకుని ఉన్నాడు, ట్విలా ఏడుస్తోంది, సీసా మాత్రం ఇక్కడ పంచదార పక్కన హాయిగా కూర్చుంది.

వెళ్లాలి. పశువుల బీడు దాటి నడిస్తే అరమైలే. కానీ టర్కీ అడవిలోకి మనిషన్నవాడు ఊరికే నడిచి వెళ్లకూడదు. కేక వేస్తే పుంజు పారిపోతుంది, పుంజు పోతే ప్రార్థన పోతుంది. కేక వెయ్యకుండా పొదల్లో కదిలితే ఎవడు ఏమనుకుని పేలుస్తాడో తెలియదు. ఏం చెయ్యాలో తోచక ఆమె ఓపల్ సొరుగు తెరిచింది. అందులో కూతపెట్టె ఉంది.

జానెడు పొడవున్న దేవదారు పెట్టె అది. మూతకు సుద్ద రాసి అంచు మీద రుద్దితే టర్కీ పెట్ట కూసినట్టే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఎల్బర్ట్ స్వయంగా చెక్కి ఓపల్ చేతిలో పెట్టాడు. మూత ఒకచోట బీట ఇచ్చింది కాబట్టి మూడో కూత దగ్గర చిన్న ఎక్కిళ్లు వచ్చేవి. వసంతకాలంలో పుంజును తప్ప పెట్టను కొట్టకూడదని చట్టం. వెల్మా ఆలోచన తిన్నగానే సాగింది. పెట్టలా కూస్తే ఎవరూ కాల్చరు. పుంజు బెదరదు. ఆ కూత ఎక్కడిదో చూద్దామని మామయ్య ఇటు వస్తారు. మాత్రలు చేతిలో పెట్టి వచ్చెయ్యవచ్చు. ఇందులో ప్రమాదమేమీ కనబడలేదు, అదే ఆమెను మరీ భయపెట్టింది.

ఇక బట్టలు. పుంజు తలలో ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి కాబట్టి వేట అడవిలో ఆ మూడు రంగులూ ఒంటి మీద ఉండకూడదు. వెల్మా బీరువా తెరిచి చూస్తే ఆ మూడు తప్ప ఇంకేమీ లేవు. కోటు నీలం, స్వెట్టరు తెలుపు, ఆప్రాన్ ఎర్ర గళ్లు. రాయ్ కోటు రాయ్‌తో పాటే టెక్సస్ వెళ్లింది. బయట అప్పుడే వెలుగు వస్తోంది. ఆమె భోజనాల గది కిటికీకి ఉన్న ముదురాకుపచ్చ తెరల్లో ఎడమదాన్ని కమ్మీ నుంచి లాగి, మెడ నుంచి మోకాళ్ల దాకా చుట్టుకుని పిన్నీసులు పెట్టుకుంది. సంచిలో మాత్రలు, ఫ్లాస్కు, కట్టు గుడ్డలు వేసుకుని, పాము సంగతి గుర్తొచ్చి వంటింటి కత్తి కూడా వేసుకుని బయలుదేరింది.

మంచు గుట్టల మధ్య పాలలా నిలిచి ఉంది. అడవి అంచున తెల్ల పూల చెట్లు ఆకులింకా వెయ్యకుండా పూలతోనే నిలబడ్డాయి. కూర్చునేటప్పుడు నీకంటే వెడల్పయిన చెట్టుకు వీపు ఆనించు, వెనక నుంచి గుండు వచ్చినా చెట్టుకే తగులుతుంది అని ఓపల్ చెబుతుండేది. వెల్మా మూడు చెట్లను చేతులు చాచి కొలిచి, నాలుగోదాని కింద కూర్చుంది. పెట్టె తీసి రుద్దింది. తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు వచ్చింది చప్పుడు.

వాగుకు అవతలి గట్టు నుంచి మూడు కూతలు నిదానంగా జవాబిచ్చాయి. ఎల్బర్ట్ నోటితోనే కూస్తాడు, ఆ కూత ఆమెకు తెలుసు. బతికే ఉన్నారు, దేవుడా. ఆమె మళ్లీ రుద్దింది, ఇటు రండి అన్నట్టు. ఆయన మళ్లీ కూశాడు, నువ్వే రా అన్నట్టు. ఆమె రుద్దింది. ఆయన కూశాడు. టర్కీ వేటంతా కదలకుండా కూర్చోవడంలోనే ఉంది, కూతకు కూత బదులిస్తాడు కానీ ఏ వేటగాడూ లేచి పెట్టను వెతుక్కుంటూ రాడు. ఆ సంగతి వెల్మాకు తట్టేసరికి ముప్పావుగంట గడిచింది.

ఈలోగా వాగు అడుగున నిజం పుంజు ఒకటి ఉరిమినట్టు కూసింది. రెండు గట్ల మీదా రెండు పెట్టలు పిలుస్తుంటే దానికేం పాలుపోలేదు. తోక విసనకర్రలా విప్పుకుని ఇటు పది అడుగులు, అటు పది అడుగులు తిరుగుతోంది. మంచు పలచబడ్డ చోట దాన్ని చూసి వెల్మా ఊపిరి బిగబట్టింది. ప్రభువా, దాన్ని అవతలి గట్టుకు పంపించు అని వేడుకుంది. అది నిజంగానే అటు తిరిగింది.

అప్పుడైనా ఊరుకోవలసింది. కానీ మాత్రల సీసా ఇంకా ఆమె సంచిలోనే ఉంది. సుద్ద తగ్గిందేమోనని మూతకు దండిగా రాసి, మెల్లగా ఒక్కసారి రుద్దింది. ఈసారి కూత శుభ్రంగా వచ్చింది, మూడోదాని మీద ఎక్కిళ్లతో సహా.

అవతలి గట్టు మూగబోయింది.

వెల్మా వందదాకా లెక్కపెట్టింది. జవాబు లేదు. మళ్లీ రుద్దింది. లేదు. ఇక ఆమెకు అనుమానం లేదు, ఆయన పడిపోయారు. సీసా చేత్తో పట్టుకుని, “ప్రభువా, ప్రభువా” అంటూ లేచి, పల్లంలోకి పరుగెత్తింది. పుంజు రెక్కలు టపటపలాడించుకుంటూ చెట్ల పైనుంచి పోయింది. కాలు జారి ఆమె వాగులోకి దొర్లింది. లేచి ఎటో పరుగెత్తితే ముళ్లకంచె తెరను పట్టుకుంది. గుంజితే చెయ్యెడు గుడ్డ కంచెకే ఉండిపోయింది. ఆ మంచులో ఒకే వాగును రెండుసార్లు దాటి, చివరికి ఏ గట్టు ఎక్కానో అని చూసుకుంటే సొంత పశువులపాక వెనక తేలింది. అక్కడినుంచి వెనక్కి చూసేసరికి మంచు విడిపోయి, గుట్ట మీద ఇద్దరు మనుషులు తిన్నగా ట్రక్కు వైపు నడుస్తూ కనబడ్డారు. ఇద్దరూ నిలువునే ఉన్నారు.

ఆమె ఇంట్లోకి పరుగెత్తింది. పెట్టెను సొరుగులో, సీసాను పంచదార పక్కన, తడిసిన తెరను విడిచిన బట్టల అడుగున పెట్టేసింది. కిటికీకి మిగిలిన ఒక్క తెరనూ నడిమికి లాగింది. రెండుండవలసిన చోట ఒకటి మధ్యలో వేలాడుతుంటే అది మరీ పన్నూడిన నోరులా కనబడింది. కానీ మగవాళ్లు తెరలు చూడరని ఆమె నమ్మకం.

“నలభై అడుగుల్లో ఉందమ్మా పుంజు,” అంది ట్విలా తుపాకీ గోడకు పెడుతూ. “ఛాతీ మీది ఈకల గడ్డం నేలకి రాసుకుంటోంది. ఎవడో బుద్ధిలేనివాడు అవతల కూర్చుని గంటసేపు తలుపు తెరిచి మూసినట్టు కూశాడు. తర్వాత ఆకుపచ్చగా, పెద్దగా ఏదో వాగులోకి దొర్లింది.”

“ఏదో అంటే?”

“ఎలుగుబంటి అనుకున్నా. కానీ ఎలుగుబంటి ‘ప్రభువా’ అనదు కదా.”

ఎల్బర్ట్ టోపీ మేకుకు తగిలించాడు. “అది ఓపల్ పెట్టె,” అన్నాడు, అంతే. తర్వాత పంచదార పక్కనున్న సీసా తీసి, మూతను బొటనవేలితో ఒకసారి తుడిచి, జేబులో వేసుకుని వసారాలోకి వెళ్లిపోయాడు.

ఆయన వినకుండా ట్విలా తల్లికి మిగతాది చెప్పింది. చివరి కూత వినగానే తాతయ్య పుంజు ఎదురుగా ఉండగానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడట. ఇంకో కూతకు ఆయన నోరు తెరవలేదట. ఆయన ముఖం చూసి తనకు తుపాకీ ఎత్తబుద్ధి కాలేదట. “అది నానమ్మేనేమో అమ్మా” అని నెమ్మదిగా అంది.

వెల్మా నిజం చెప్పబోయింది. అంతలో ట్విలా స్నేహితురాలికి ఫోను చేసి ఇదంతా చెప్పేసింది. తీగ మీదున్న మిగతా ఐదిళ్లలో ఎన్ని చెవులు ఆ ఫోనుకు ఆనాయో గాని, మధ్యాహ్నానికి పొరుగింటి నోవా జీన్ మొక్కజొన్న రొట్టె పట్టుకుని వచ్చి వెల్మాను కావలించుకుని ఏడ్చింది. సాయంత్రానికి ఆకుపచ్చ నిలువుటంగీ వేసుకున్న ఓపల్ వాగు మీద నడిచిందనీ, ప్రభువు పేరు మూడుసార్లు పిలిచిందనీ తేలింది.

చెప్పెయ్యాలని వెల్మా సాయంత్రం వసారాలోకి వెళ్లింది. ఎల్బర్ట్ ఓపల్ కుర్చీ పక్కనే తన కుర్చీ వేసుకుని గుట్ట వైపు చూస్తున్నాడు. “మూడో కూతకి ఎక్కిళ్లు పెట్టేది ఆ పెట్టె,” అన్నాడు. ఆర్నెల్లలో ఆయన అడగకుండా ఇంత మాట్లాడటం అదే. ఇప్పుడు నిజం చెబితే ఆ కాస్త మాటా ఆగిపోతుంది. చెప్పకపోతే ముసలాయన రేపటినుంచి పెళ్లాం కోసం అడవిలో తిరుగుతాడు, జారిపడతాడు, తుంటి విరుగుతుంది, పిచ్చాసుపత్రి వాళ్లు తీసుకుపోతారు. వెల్మా ఆ రెంటి మధ్యా పుంజులాగే ఇటు పది అడుగులు, అటు పది అడుగులు తిరిగి, లోపలికి వచ్చేసి కోడిని శుభ్రం చేసింది. అడవి టర్కీ లేదు కాబట్టి రేపటికి పెరటి కోడే గతి.

ఆదివారం చర్చిలో ఎవరూ ఎల్బర్ట్‌ను ఏమీ అడగలేదు. అందరూ ఆయన చెయ్యి మామూలుకంటే ఎక్కువసేపు పట్టుకున్నారు. మధ్యాహ్నం పాస్టర్ హాస్కెల్ భోజనానికి వచ్చాడు. మంచివాడు, దేన్నైనా తొందరగా నమ్మేవాడు. వేయించిన కోడి, బంగాళాదుంపలు, గ్రేవీ బల్ల మీద చేరాయి. నలుగురూ కూర్చున్నారు. అప్పుడు పాస్టరు తన బైబిలు తెరిచి, అందులోంచి చెయ్యెడు ఆకుపచ్చ గుడ్డ తీసి, గ్రేవీ పక్కన జాగ్రత్తగా పరిచాడు. నిన్న తన పొలం కంచెకు దొరికిందన్నాడు. ఇలాంటి నేత ఈ చుట్టుపక్కల ఏ కొట్లోనూ దొరకదు, వచ్చే ఆదివారం దీని మీదే ప్రసంగం అన్నాడు.

ఎల్బర్ట్ ఆ గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లతో నలిపి చూశాడు. తర్వాత తలెత్తి, పాస్టరు తల మీదుగా, కిటికీ వైపు చూశాడు. ట్విలా అటు చూసింది. పాస్టరు వెనక్కి తిరిగి చూశాడు. ఒంటి తెర నడిమిన వేలాడుతోంది.

“మామయ్యా,” అంది వెల్మా. “అది అత్తమ్మ కాదు. నేను. మీరు మాత్రలు మర్చిపోయారు. కేకేస్తే పుంజు పోతుందని ఆ పెట్టె పట్టుకొచ్చాను. మీరు మూగబోయేసరికి పడిపోయారనుకున్నాను. పుంజుంటే మీరు మళ్లీ ప్రార్థన చేస్తారనుకున్నాను, నేనే పోగొట్టాను. అత్తమ్మని కూడా పోగొట్టాను.”

“ఆ తలుపు చప్పుడు నువ్వా అమ్మా?” అంది ట్విలా.

గోడ గడియారం మాట్లాడింది. పాస్టరు గుడ్డ వైపు చూసి, కోడి వైపు చూసి, తన చేతుల వైపు చూసుకున్నాడు. వెల్మా తల ఎత్తలేదు. ఎల్బర్ట్ ఫోర్కు తీసుకునే చప్పుడు కోసం వింది. ఆ చప్పుడు రాలేదు. గడియారం అరగంటకు కొట్టే ఒక్క గంటా కొట్టింది. బయట ఎక్కడో ఆవు అరిచింది. అప్పుడు ఆమె చేతి మీద గరుకైన చెయ్యి ఒకటి పడింది.

“తండ్రీ,” అన్నాడు ఎల్బర్ట్. గొంతు వాడని కీలులా ఉంది. “ఆర్నెల్లుగా నీతో మాట్లాడలేదు. ఎందుకో నీకు తెలుసు. నేను ఏ అడవికి పోయినా ఏదో ఒకటి మర్చిపోయేవాణ్ణి. ఓపల్ అది పట్టుకుని వెనకాలే వచ్చేది. ఒక్క ఏడైనా సరైన గట్టు మీద కూర్చున్న పాపాన పోలేదు. ఎన్ని పుంజులు లేపేసిందో నీకే తెలుసు. అది పోయాక, మర్చిపోయింది ఇక మర్చిపోయినట్టే, ఎవరూ రారు అనుకున్నాను.”

ఆగి, ముక్కు తుడుచుకున్నాడు.

“నిన్న ఎక్కిళ్లు వినగానే పెట్టె ఎవరిదో తెలిసింది. నిన్ను పిలుస్తూ ఆ మనిషి వాగులో పడ్డప్పుడు పెట్టె రుద్దిన చెయ్యి ఎవరిదో కూడా తెలిసింది. ఇంటికొస్తే సీసా మూత మీద సుద్ద. ఓపల్‌ని తీసుకున్నావు. వెనకాల వచ్చే మనిషిని మాత్రం ఈ ఇంట్లోనే ఉంచావు. అది చూసుకోకుండా నీ మీద అలిగాను. పుంజునివ్వనందుకు వందనాలు. ఇచ్చుంటే అది తిని, మళ్లీ మాట్లాడకుండా లేచిపోయేవాణ్ణి. ఈ కోడినీ, దీన్ని వండిన పిల్లనీ దీవించు. వచ్చే ఏడు ఈవిడని నా గట్టు మీదే కూర్చోబెట్టు. ఆమెన్.”

అప్పటికి గ్రేవీ గడ్డకట్టింది. పొయ్యి దగ్గర వెల్మా దానికి విడిగా చేసిన ప్రార్థన కూడా దాన్ని కాపాడలేకపోయింది.